పరీక్షలయ్యేదాకా

మా బడిలో మానసిక ఆరోగ్యం నాకు అప్పగించారు. నవ్వకండి, ఆర్డరు కాగితంలో అలాగే ఉంది: మానసిక ఆరోగ్య ఇన్‌ఛార్జి. పాడేరు అవతల కొండల్లో, గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు టీచర్ని. లెక్కల టీచరు నోరు తెరిస్తే పిల్లలు హడలిపోతారు, సైన్సు టీచరు ప్రసవం సెలవులో ఉంది. అలా ఆ పని నా నెత్తిన పడింది. "మీరు బాగా మాట్లాడతారు కదమ్మా" అన్నారు మా హెడ్‌మిస్ట్రెస్. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. ఆ పనికి కావలసింది మాట్లాడేవాళ్లు కాదు, వినేవాళ్లు అని ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పాడేరులో ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు. పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం గుడ్డు కూర, సాయంత్రం సర్టిఫికెట్. నడుమ ఒకాయన తెరమీద బొమ్మలు వేసి, పిల్లల్లో దిగులు ఎలా కనిపెట్టాలో చెప్పాడు. తిండి తగ్గుతుందిట. ఊరికే కడుపునొప్పి అంటారుట. తోటి పిల్లలకు దూరంగా జరుగుతారుట. మంచివాడే, చెప్పినవీ నిజాలే. పిల్లలకు అబద్ధం చెప్పవద్దని కూడా చెప్పాడేమో, నాకు గుర్తులేదు. గుడ్డు కూర తిన్నాక కునుకు పట్టింది.

వచ్చేటప్పుడు ఒక పోస్టరు ఇచ్చారు. దిగులుగా ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఉంది దానిమీద. భోజనశాల గోడకు అంటించాను. హాస్టల్లో పిల్లలకు ఫోన్లు ఉండవు. నాకు ఉంది గానీ, నీళ్ల ట్యాంకు దగ్గరి గట్టెక్కి నిలబడితే తప్ప సిగ్నలు రాదు. ఫొటో తీసి పైవాళ్లకు పంపించాను, పని అయిపోయింది.

ఒక అట్టపెట్టె కూడా పెట్టాను. 'మనసులో మాట' అని రంగు స్కెచ్‌లతో నేనే రాశాను. పిల్లలు చీటీలు వేస్తే శనివారం విప్పి చదవడం. సాంబారులో ముక్కలు లేవని, దుప్పటి చిరిగిపోయిందని, ఫలానా అమ్మాయి దగ్గర పడుకుంటే పేలు ఎక్కుతున్నాయని రాసేవాళ్లు. స్టాఫ్ రూములో చదివి వినిపించి అందరినీ నవ్వించేదాన్ని. మనసులో మాటలట, పేలట.

ఆ పిల్ల పదో తరగతి. పెదబయలు దాటి, జీపు దిగి, ఇంకా గంటన్నర కొండెక్కితే వాళ్ల ఊరు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఏదడిగినా కాసేపు ఆలోచించి జవాబు చెప్పేది. తక్కిన పిల్లలు వ్యాసం అంటే గైడులో ఉన్నది దించేస్తారు. ఆమె తన వాక్యం తాను రాసేది. వానాకాలం గురించి రాయమంటే, తడిసిన చోళ్ల కంకుల్ని వాళ్లమ్మ పొయ్యి మీద అటక కట్టి ఎలా ఆరబెడుతుందో రాసింది. ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి మా ఆయనకు చదివి వినిపించాను. టీచర్లకు పక్షపాతం ఉండకూడదంటారు. నాకు ఉండేది. ఆమె అంటే నాకు ప్రాణం.

పబ్లిక్ పరీక్షలకు వారం ఉందనగా, ఒక గురువారం వాళ్ల నాన్న వచ్చాడు. తల్లిదండ్రులు వచ్చేది ఆదివారం, అందుకని వాచ్‌మన్ ఆయన్ని నేరుగా ఆఫీసు గదికి తీసుకొచ్చాడు. అప్పుడే గీయించిన గుండు, దాని మీద చెమట. ఆయన్ని నేను చూడడం అదే మొదలు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఇంటిది పోనాదమ్మా. జొరం. నాలుగు రోజులు. నిన్న సిన్నదినం అయిపోనాది" అన్నాడు. "గుంటని తీసుకెల్దామని వొచ్చినాను. పెద్దదినానికి కూతురుండాల."

పెద్దదినం ఎప్పుడని హెడ్‌మిస్ట్రెస్ అడిగారు. ఆయన వేళ్లు మడిచి లెక్కచూసి చెప్పాడు. ఆవిడ గోడమీద క్యాలెండరు చూశారు. సరిగ్గా అదే రోజు మొదటి పరీక్ష, తెలుగు. ఆవిడ నా వంక చూశారు. ఇన్‌ఛార్జిని కదా.

నేను బాగా మాట్లాడాను. ఇప్పుడు చెబితే పిల్ల కుప్పకూలిపోతుందన్నాను. ఏడాది కష్టం మట్టిపాలవుతుందన్నాను. మీ ఊళ్లో ఇంతవరకు పది పాసైన ఆడపిల్ల లేదు, వాళ్లమ్మ ఆత్మ కూడా ఈ పిల్ల చదువునే కోరుకుంటుంది అన్నాను. చూడని మనిషి ఆత్మ గురించి అంత ధీమాగా ఎలా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పరీక్షలయ్యేదాకా చెప్పకండి, తరువాత నేనే దగ్గరుండి చెబుతాను అన్నాను.

"సెప్పకపోతే తప్పు కాదా, టీచరమ్మా?" అన్నాడు.

"తప్పు కాదు. ఆ పిల్ల మంచికే."

"మీరు సదువుకున్నోలు. మీకు తెలుస్తాది" అన్నాడు. ఇంతకంటే బరువైన మాట నన్ను ఎవరూ అనలేదు. అప్పుడు మాత్రం మెచ్చుకోలు అనుకున్నాను.

ఈలోగా పిల్ల క్లాసు కిటికీలోంచి వాళ్ల నాన్న రావడం చూసిందని ఎవరో వచ్చి చెప్పారు. కలవకుండా పంపిస్తే అనుమానం. కలిస్తే గుండు. నేనే ఆలోచించి, ఆయన భుజం మీద ఉన్న తువ్వాలు తీసి తలకు చుట్టుకోమన్నాను. సరిగ్గా కుదరకపోతే, చెవుల మీదికి నేనే సర్దాను. ఆయన పసిపిల్లాడిలా తల వంచి సర్దించుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, ఆ రోజు నేను పొడిగుడ్డతోనే కోశాను.

వరండాలో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. నేను కాస్త దూరంలో, కాపలా. అమ్మ ఎందుకు రాలేదని అడిగింది. చేలో పని ఉందన్నాడు. బాగా రాయి అన్నాడు. వెళ్లేటప్పుడు వెనక్కి చూడలేదు. ఆమె గేటు దాకా వెళ్లి, ఆయన కనబడనంత దూరం పోయేదాకా నిలబడింది.

వాళ్ల ఊరి పిల్లలు ఇద్దరు ఆరో తరగతిలో ఉండేవాళ్లు, అక్కచెల్లెళ్ల బిడ్డలు. ఆదివారం వాళ్లమ్మలు వచ్చి ఆ పిల్లలకు సంగతి చెప్పేశారు. నేను ఇద్దరినీ పిలిచి, అక్కకు చెబితే అక్క పరీక్ష తప్పుతుంది, ఆ పాపం మీదే అని భయపెట్టాను. పదకొండేళ్ల పిల్లలు. పాపం, ఎక్కడ నోరు జారుతుందోనని ఆమె కనబడితేనే పారిపోవడం మొదలుపెట్టారు. రోజూ వాళ్లకు జడలు వేసేది ఆమే. వాళ్లు రెండు రోజులు చిక్కుజుట్టుతోనే క్లాసుకు వచ్చారు.

మంగళవారం ఆమె అట్టపెట్టెలో చీటీ వేయడం చూశాను. శనివారం దాకా ఆగకుండా తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. "టీచర్, మా ఊరి పిల్లలు నాతో మాట్లాడడం లేదు. నాకు అన్నం సయించడం లేదు. ఒక్కసారి మీ ఫోను ఇస్తే మా అమ్మతో మాట్లాడతాను." అంతే ఉంది.

శిక్షణలో ఆయన చెప్పిన గుర్తులు ఆ మూడు వాక్యాల్లోనే ఉన్నాయి. కానీ వాటిని గుర్తుపట్టే మనిషి కావాలి, నేను అబద్ధాన్ని కాపాడే పనిలో ఉన్నాను. సాయంత్రం ఆమెను పిలిచి, "గట్టు మీదికి వెళ్లి నేనే మాట్లాడాను. మీ ఊరి ఆశా కార్యకర్త ఫోనుకు చేశాను. అమ్మ బాగుంది. బాగా రాయమంది" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. కాసేపు ఆలోచించింది. "సరే టీచర్" అంది. ఆ తరువాత అన్నం తిన్నదని వంటమనిషి చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఎలా తేల్చానో అని హెడ్‌మిస్ట్రెస్‌తో అన్నాను కూడా.

అన్ని పరీక్షలూ రాసింది. చివరి రోజు వాళ్ల నాన్న వచ్చాడు. ఆఫీసు గదిలో కూచోబెట్టి, చెబుతానన్న నేను చెప్పలేక నసుగుతుంటే, ఆయనే చెప్పాడు. ఆమె ఏడవలేదు. "ఊఁ" అంది. లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె తెచ్చుకుని, ఆయన వెనక నడిచి వెళ్లిపోయింది. గట్టి పిల్ల అనుకున్నాం మేము. అంతకంటే గుడ్డివాళ్లు ఉంటారా?

ఫలితాల్లో మా బడికి ఆమే మొదటిది. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, ఆమె ఫొటోతో. అభినందనలు చెబుదామని ఆ ఊరి ఆశాకు ఫోన్ చేశాను. ఈసారి నిజంగానే చేశాను. "ఏటి సెప్పమంటారు మేడం, ఆ గుంట మాటాడదు. రెండు నెల్లయింది. తినిపిస్తే తింటాది, నేదంటే నేదు. దిసారిని పిలిసి కోడిని కూడా కోసినారు" అంది. దిసారి అంటే వాళ్ల పూజారి, నాటువైద్యం కూడా ఆయనదే.

మర్నాడే వెళ్లాను. జీపు దిగి గంటన్నర కొండెక్కాను. ఆమె వాళ్లింటి గడప పక్కన గోడకు ఆనుకుని కూచుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది. మణికట్టు నా రెండు వేళ్లలో ఇమిడేలా ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, బడిలో నిలబడ్డట్టు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. పెద్దాసుపత్రికి తీసుకెళదామంటే, "దిసారి సేసేది సేసినాడు. మీది మీరు సెయ్యండి" అన్నాడు.

పాడేరు పెద్దాసుపత్రిలో వారానికి ఒకరోజు మనసు డాక్టరమ్మ చూస్తుంది. పదిహేను రోజులకొకసారి జీపులో తీసుకెళ్లేదాన్ని. మొదటిసారి పక్కనే కూచుని, ఆవిడ ఏం అడిగినా నేనే జవాబు చెప్పాను. "మీరు బయట కూచుంటారా?" అంది ఆవిడ మర్యాదగా. అప్పటినుంచి నా చోటు బయట బల్ల మీద. మందులు ఇచ్చింది. మూడోసారికి లోపలినుంచి సన్నగా ఆ పిల్ల మాట వినిపించింది. ఏమిటో తెలియలేదు. తెలుసుకునే అర్హత నాకు లేదని కూచున్నాను.

అయిదోసారి, వానలు పట్టాక, తిరుగు ప్రయాణంలో జీపు నిండేదాకా ఆగాం. వెనక సీటులో మేమిద్దరమే. నేను ఉండబట్టలేకపోయాను. "నన్ను క్షమించమ్మా. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. నెలల తరువాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇదీ.

"నాకు తెల్సు, టీచర్. మా అయ్య వొచ్చిన రోజే తెల్సు."

"ఎలా?"

"ఆ రోజు మా అయ్యకి మీసం నేదు. మీరు తల ఒకటే కప్పినారు."

ఆయన్ని నేను అంతకుముందు చూసి ఉంటే కదా, ఆ ముఖంలో ఏది పోయిందో తెలియడానికి.

"మరి నన్ను ఫోను ఎందుకు అడిగావమ్మా?"

"మీరైనా సెప్తారని. మీరు సెప్తే ఏడుద్దామని. అందరూ అంత కష్టపడి దాసినారు, నానే ముందు ఎలా ఏడుస్తాను?"