కాకమ్మ కథ

మున్సిపల్ ఆఫీసులో ఆయన్ని అందరూ నిచ్చెన అంటారు. భుజాన నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ మరి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన ఉద్యోగమల్లా కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడమే. ఊళ్ళో ఏ చెట్టు ఎటు వంగుతుందో, ఏ కొమ్మకు చీమలు పడతాయో ఆయనకు కంఠతా వచ్చు. అంతటి మనిషీ సముద్రం రోడ్డు పేరెత్తితే మాత్రం మొహం చాటేస్తాడు.

ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుడుతుంది. నాలుగేళ్ళ క్రితం మేడమెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ ఎడమకాలు కాస్త పొట్టిదైంది. అంతకుముందు ఆదివారం వచ్చిందంటే ఇద్దరూ సముద్రం ఒడ్డున నడవాల్సిందే. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఆవిడే అడిగితే ఒకసారి తలనొప్పి, ఒకసారి డ్యూటీ. ఇంకోసారి మబ్బు పట్టిందన్నాడు, బయట ఎండ మాడ్చేస్తుంటే.

ఆ ఆదివారం పొద్దున్నే ఆవిడ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి చెప్పులేసుకుంది.

"సముద్రం రోడ్డు చెట్లన్నీ విరగబూశాయట. కింది వాటా పిన్నిగారు చెప్పారు. వెళ్దాం రండి."

"ఇవాళ కొంచెం నడుం..."

"నాతో నడవడానికి సిగ్గేస్తోంది కదూ మీకు?"

కసరలేదు, ఏడవలేదు. పొయ్యి ఆపారా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"నేను కుంటడం మొదలుపెట్టాను, మీరు రావడం మానేశారు. ఆ మాటేదో అప్పుడే చెప్పేస్తే పోయేదిగా," అంది.

"ఛ, అది కాదే... కాకులు."

"కాకులా?"

"ఆ రోడ్డు కాకులకు నేనంటే పడదు."

"ఇన్నాళ్ళూ చెప్పినవి చాల్లేదా? ఇంకా కాకమ్మ కథలెందుకు?" అందావిడ. అప్పుడు తిరిగాయి కళ్ళల్లో నీళ్ళు.

ఇక లాభం లేదనుకుని ఆయన గొడుగు తీసుకుని బయల్దేరాడు.

రోడ్డు పొడుగునా గులాబీరంగు పూలే. ఆగివున్న కార్ల మీద, బస్‌స్టాపు రేకు మీద, ఎక్కడ పడితే అక్కడ రాలి ఉన్నాయి. చెత్తడబ్బా అంచున ఉడత ఒకటి బిస్కెట్ కాగితంలో తల దూర్చి బయటికి రాలేక గింజుకుంటోంది. దీపస్తంభాల మీద తెల్లటి సముద్రపు పిట్టలు, ఆఫీసులో పెద్దగుమాస్తాల్లా, ఏ పనీ లేకుండా దర్జాగా కూర్చున్నాయి. ఇసుకలోంచి దారి తప్పిన బుల్లి ఎండ్రకాయ కాలిబాట మీద అడ్డంగా పరుగెత్తింది. కోపంలో ఉండి కూడా ఆవిడ నవ్వేసింది. చూపిద్దామని వెనక్కి తిరిగితే మొగుడు నాలుగడుగుల దూరంలో, గొడుగు వేసుకుని ఉన్నాడు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"పక్కన నడిస్తే అరిగిపోతారా?"

"నీ మీద పడతాయే."

మూడో చెట్టు దాటారో లేదో, ఒక కాకి అరిచింది. ఆ వెంటనే ఇంకోటి. చూస్తుండగానే ఏడెనిమిది చేరి ఒకటే కాకిగోల. ఒకటైతే రివ్వున దిగి గొడుగు మీద ఠపీమని తన్నింది. రోడ్డున ఇంతమంది ఉన్నారు, ఒక్కరి జోలికీ పోలేదవి. ఐస్‌క్రీం అమ్మే ఆవిడ అమ్మకం మానేసి చూస్తోంది.

భార్య నోరు తెరుచుకుని అక్కడి సిమెంటు బల్ల మీద కూలబడింది. ఆయన పక్కన కూర్చుని చెప్పాడు.

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. నాలుగింటికి చూడనిచ్చేవాళ్ళు. ఆ తొందరలో పైకి చూడకుండా కొమ్మ కొట్టేశాను. గూడుంది. రెండు పిల్లలు. ఒకటి అక్కడికక్కడే... రెండోదాన్ని గూటితో సహా పక్కచెట్టు ఎక్కించాను. ఎత్తుకుపోతున్నాననుకున్నాయి పాపం. చొక్కా మార్చినా, టోపీ పెట్టినా గుర్తుపడతాయి. పొడుస్తాయని కాదే నా భయం. అవి తిడుతుంటే నిజమేగా అనిపిస్తుంది."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? నీకోసం తొందరపడబట్టే అలా అయిందని నువ్వు బాధపడవూ? అప్పటికే మంచం మీదున్నావు."

ఆవిడకు మొగుడి మీద జాలి, తన మీద కోపం, నాలుగేళ్ళ ఆదివారాలు వృథాగా పోయాయన్న దిగులు, అన్నీ కలిసి వచ్చాయి. తర్వాత లేచి ఆయన చేతిలోంచి గొడుగు లాక్కుంది. ఆయన పొడుగరి. గొడుగు ఆయన నెత్తి మీదికి అందాలంటే ఆవిడ రెండో చేత్తో ఆయన జబ్బ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

"పదండి, ఆ చివరిదాకా పోదాం," అంది.

వెళ్ళారు. కాకులూ వెంటపడ్డాయి. పరుగుకొచ్చినవాళ్ళు ఆగారు, బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"అందరూ మననే చూస్తున్నారే," అన్నాడు ఆయన ఇబ్బందిగా.

"చూడనీయండి," అందావిడ. "ఇన్నాళ్ళకి ఒక్కరూ నా కాలు వైపు చూడటం లేదు."