జింకు రేకులకు రాసిన రిపోర్టు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో నన్ను జమ్మలమడుగుకు ఓవర్సీరుగా వేశారు. మా శాఖలో ఓవర్సీరుది కింది మెట్టు. పైన సూపర్‌వైజరు, ఆయన పైన అసిస్టెంటు ఇంజనీరు. బడులు, బావులు, రోడ్ల పనులు చాలవన్నట్టు ఇళ్ళ కప్పుల తనిఖీ కూడా నాకే తగిలించారు. ఆ రోజుల్లో జింకు రేకులు అడిగిన వాళ్ళందరికీ దొరికేవి కావు. పర్మిట్టు కావాలి. దరఖాస్తు పెట్టుకున్న ఇంటికి ఓవర్సీరు వెళ్ళి, కప్పు కొలిచి, పటం గీసి, రిపోర్టు పంపాలి. పైనుంచి పర్మిట్టు వస్తే దాన్ని చూపించి ప్రొద్దుటూరులో రేకులు తెచ్చుకోవాలి.

అట్లా వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి పెన్న ఒడ్డు పల్లెలో బడి అయ్యవారు రామసుబ్బయ్యది. ఇంట్లో ఆయనా, తల్లి వెంకటసుబ్బమ్మా, ఇద్దరే. మట్టిమిద్దె. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద కంప, ఆపైన మట్టి. వాన కారకుండా ఏటా తొలకరికి ముందు దానిమీద చౌడుమట్టి పోస్తారు. కొత్త చౌడు పోస్తారే గానీ పాతది ఎవరూ తీయరు. నేను మిద్దెక్కి గడ్డపారతో గుంత తీసి చూస్తే మట్టి మూరెడు మందం ఉంది. ఇంట్లోకి దిగి నడిమి దూలంలో ఉలి గుచ్చాను. లోపలంతా చెదలు తినేసింది. ఉలి పిడిదాకా దిగిపోయింది. రామసుబ్బయ్య నా ముఖం చూశాడు.

అడ్డం చెప్పింది తల్లి. రేకులు గోదాములకు వేసుకునేవనీ, ఎండాకాలం వాటి కింద మనుషులు ఉడికిపోతారనీ, వానొస్తే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదనీ అన్నది. వేడి సంగతి నేను కాదనలేదు. కింద ఈతచాపలు కట్టుకుంటే కొంత తగ్గుతుందన్నాను. ప్రతి ఊళ్ళో చెప్పే రేకుల లాభాలే ఆమెకూ చెప్పాను. రేకుకు చెదలు పట్టదు, నిప్పు అంటుకోదు. ఏటా చౌడు మోసే బాధ ఉండదు. ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, గోడల మీద బరువుండదు. అంతా విని, నేనుండే ఇంటికి ఏం కప్పుందని అడిగింది. అద్దెకున్నదీ మట్టిమిద్దేనని ఒప్పుకోక తప్పలేదు. ఆమె నవ్వింది.

చివరికి ఒప్పుకున్నది గానీ ఒక షరతు పెట్టింది.

"రేకులు వాకిట్లోకి వచ్చినాకనే మట్టి దించుతామప్పా. అంతవరకు మేము యాడుండాల?"

న్యాయమైన మాటే. సరేనన్నాను. ఆ సాయంత్రమే జమ్మలమడుగు చేరి, 'కప్పు పడిపోయే స్థితిలో ఉన్నది' అని రాసి, ఆ మాట కింద ఎర్రసిరాతో గీత గీసి పంపాను. నా పని అయిందనుకున్నాను.

ఆ రిపోర్టు తిరిగి వచ్చింది. కప్పు పటం జతచేయడం నేనే మరిచాను. కవరు నా బల్ల మీదికి వచ్చేటప్పటికి నేను జమ్మలమడుగులో లేను. బడి కట్టడం పని మీద పులివెందులకు పంపారు. నెల దాటాక తిరిగొచ్చి, కవరు విప్పి, పటం జతచేసి మళ్ళీ పంపాను. అప్పటికే ఆకాశం మూసుకొచ్చింది.

మూడు రోజులు ముసురు పట్టింది. మూడోనాటి మధ్యాహ్నం రామసుబ్బయ్య బడిలో ఉన్నాడు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. నానిన మట్టి బరువుకు నడిమి దూలం విరిగి మిద్దె కూలింది. ఊరివాళ్ళు పారలతో, చేతులతో మట్టి తోడి ఆమెను బయటికి తీశారు. ప్రాణం దక్కింది. తుంటి ఎముక మాత్రం నుగ్గయింది. ఆమె మళ్ళీ లేచి నడవలేదు.

పర్మిట్టు ఆ తర్వాత పదిహేను రోజులకు వచ్చింది. రేకులు దిగిన రోజు నేనే దగ్గరుండి వేయించాను. మేకు రేకు గాడిలో కొట్టకూడదు, మిట్ట మీదే కొట్టాలి. లేకపోతే నీళ్ళు దిగుతాయి. మేకు మేకుకూ తారు పూసిన వాషరు వేయించాను. పొద్దు వాలకముందే పని ముగిసింది. ఆ ఊళ్ళో రేకుల లాభాలు నేను మళ్ళీ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కొత్త కప్పు కిందికి ఆమె మంచాన్ని మోసుకొచ్చారు. నేను పక్కన నిలబడి జాప్యం ఎందుకైందో, పటం మరిచిపోవడం, పులివెందుల క్యాంపు, అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"పడతాదని నీకు ఆ పొద్దే ఎరికే కదప్పా," అన్నది. "కింద రెండు గుంజలు నిలబెట్టిచ్చి పోయింటే సరిపోయేది."

గొంతులో కోపం లేదు. రామసుబ్బయ్య "ఊరుకోమ్మా" అన్నాడు. ఆమె గోడ వైపు తల తిప్పుకున్నది.

ఆ పల్లెలో తుమ్మ మొద్దులకు కరువు లేదు. ఇద్దరు మనుషులకు అరగంట పని. బడుల మరమ్మతుల్లో దూలాలకు ఊత గుంజలు పెట్టించడం నాకు రోజూ ఉన్నదే. కానీ ఆ రోజు నేను వెళ్ళింది రిపోర్టు రాయడానికి. రిపోర్టు ఫారంలో గుంజలకు గడి లేదు.

రిటైరయ్యేదాకా ఎన్నో ఇళ్ళకు రేకులు సిఫారసు చేశాను. ఇప్పుడెవరైనా అడిగినా అదే చెబుతాను. అయితే, ఆ తర్వాత పడిపోయే స్థితిలో ఉందని తేలిన ఏ ఇంటినీ దూలం కింద గుంజలు నిలబడేదాకా వదిలి రాలేదు. అందువల్ల చాలాసార్లు బస్సు తప్పింది. ఆలస్యానికి పైవాళ్ళ చేత మాటలూ పడ్డాను. ముందు గుంజలు, తర్వాత రిపోర్టు. ఆ వరుస నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. వెంకటసుబ్బమ్మ మంచాన పడ్డాక తెలుసుకున్నాను.