మామ కూర్చిన ఆఖరి పేజీ

మామ పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను శ్రీకాళహస్తి బస్సులో ఉన్నాను. "పాపా, మీ మామ లేడు. వచ్చెయ్" అంది అత్త, అంతే. బస్సు ఆపించి దిగేశాను. ఇంకో బస్సు కోసం నిలబడలేక తిరుపతి వైపు కాసేపు నడిచాను కూడా. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఎండలో అంత దూరం నడుస్తారా?

మా మేనమామది తిరుపతిలో చిన్న అచ్చాఫీసు. సీసపు అక్షరాలను చేత్తో ఒక్కొక్కటే పేర్చి కార్డులు వేసేవాడు. ఓ మూల నేను కంప్యూటర్ పెట్టుకున్నాక కూడా తన అక్షరాల పెట్టెలు వదల్లేదు. ఎప్పుడో మద్రాసు నుంచి తెచ్చిన గుండ్రటి పాత టైపు. తలకట్లు అరిగిపోయి, సిరా సరిగా పట్టక, అచ్చులో అక్కడక్కడా తెల్లటి గీతలు పడేవి. అలాంటి అక్షరాలు పోతపోసేవాళ్లు ఇప్పుడు లేరు. ఒకటి విరిగితే ఇంకొకటి దొరకదు.

"ఇంత అరిగినాక ఇంకా ఎందుకు మామా?" అని ఎగతాళి చేసేదాన్ని.

"అరిగిందంటే పని చేసినట్టు పాపా. నీ కంప్యూటర్ అక్షరానికి ఎప్పుడన్నా చెమట పట్టిందా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తప్పులు చూసుకోవడానికి ప్రూఫు తీయగానే కాగితం తిరగేసి వెనకవైపు వేలితో తడిమేవాడు. నొక్కు సరిగా పడిందో లేదో కండ్లకన్నా వేలికే బాగా తెలుస్తాదంట. అన్నం ముందు కూర్చుని విస్తరి అంచు తడుముతుంటే, "అది ప్రూఫు కాదు సామీ, తిను!" అని అత్త అరిచేది.

కర్మక్రియల కార్డు నేనే వేయాలి. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫాంటు మార్చాను, లేచాను, టీ తాగాను, మళ్లీ మార్చాను. ఎందులో కొట్టినా మామ పేరు ఇంకెవరిదో పేరులా కనిపించింది. విసిగిపోయి మామ పెట్టెల దగ్గరికి వెళ్లాను. ఆయన నేర్పిన పనే, చేతులు మరిచిపోలేదు. కానీ సగంలో అక్షరాలు చాలలేదు. తక్కువైనవన్నీ బల్ల మీద మామ పేర్చి దారంతో కట్టిన అక్షరాల పేజీలో ఉన్నాయి. వడమాలపేట వాళ్ల పెళ్లికార్డు అది. అచ్చయిపోయింది గానీ, అక్షరాలు విప్పి అరల్లో వేసేలోపే మామ ఆసుపత్రికి వెళ్లాడు.

అత్త అడ్డం నిలబడింది. "దాన్ని ముట్టుకోవద్దు పాపా. ఆయన చేత్తో కట్టింది అదొకటే మిగిలుండాది."

"అయితే మామ కార్డుకు అక్షరాలు యాడ నుంచి తెచ్చేది అత్తా?"

అత్త బయటికి వెళ్లింది, లోపలికొచ్చింది, ఊరికే కుర్చీ జరిపింది. చివరికి తనే ఆ ముడి విప్పింది. "తీసుకో. ఊర్లో అందరి పేర్లూ ఏసినాడు. ఆయన పేరు ఇంకెవురి అక్షరాలతో ఏస్తావు?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే పెళ్లికూతురి పేరులోంచీ ముహూర్తంలోంచీ అక్షరాలు ఏరాను.

కార్డులు పంచాం. కర్మక్రియలూ అయిపోయాయి. గృహప్రవేశం కార్డు ఆ పాత టైపులోనే కావాలని పాకాల నుంచి ఒకాయన ఇప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. అక్షరాలు కావాలంటే బల్ల మీద ఇంకా అలాగే కట్టి ఉన్న మామ కార్డు పేజీ విప్పాలి. రోజూ బల్ల దాకా వెళ్తాను, దారం మీద వేలు పెడతాను, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేస్తాను.

"పని ఆపితే మీ మామ తిడతాడు పాపా" అంటుంది అత్త.

తిట్టనీ. కిటికీలోంచి ఎండ పడి, అద్దంలోలా తిరగబడిన అక్షరాల్లో మామ పేరు మెరుస్తోంది. చుట్టూ దారం. ముడి నేను వేసిందే. విప్పడానికి చెయ్యి రావడం లేదు.