చ గడి నిండా ఎరుపు

ఇది చదివాక మీరు నన్ను మేస్టారు అని పిలవడం మానేస్తారు. మానేయండి. నా మీద నాకే కోపం ఇంకా చల్లారలేదు. ఆవిరి ఇంజన్లు పోయి ఎన్నేళ్లయినా ఖరగ్‌పూర్‌లో ఇప్పటికీ పొగ వస్తోందంటే అది నా చెవుల్లోంచే.

అక్కడి రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక బడి. పేరు చెప్పను, దాని పరువైనా మిగలనివ్వండి. ఆరు నుంచి ఎనిమిది దాకా అక్కడ తెలుగు చెబుతాను. నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు నలభై రెండేళ్లు, బుద్ధికి పన్నెండు. మా పిల్లలంతా రైల్వే పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల మునిమనవలు. నేనూ ఆ బాపతే. కాకపోతే నాది రేడియోలో వార్తలు చదివేవాళ్లు లేచి నిలబడి వినవలసిన తెలుగని నా గట్టి నమ్మకం.

మా హెడ్‌మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ. అందరం దీదీమణి అంటాం. ఆ ఏడు ఏదో శిక్షణకు వెళ్లి కొత్త పట్టిక పట్టుకొచ్చింది. ఎన్ని మార్కులొచ్చాయన్నది కాదట, ఎవరు ఏ తప్పు చేశారో గడిగడికీ నింపాలట. ఒప్పైతే ఆకుపచ్చ, తప్పైతే ఎరుపు. ఆ తప్పుల్ని చూసి మనం పాఠం చెప్పే తీరు మార్చుకోవాలట. చిట్టచివరి గడిలో ఒక ప్రశ్న: "మీ బోధనలో ఏం మారుస్తారు?"

"పిల్లల్ని" అని రాశాను. అంత తెలివి.

ఆరో తరగతికి డిక్టేషన్ పెట్టాను. నేను చదవడం, ఇరవై రెండు మంది రాయడం. పట్టిక నింపి చూస్తే మిగతా అక్షరాలన్నీ పచ్చటి వరిచేను. చ గడి మాత్రం పైనుంచి కిందిదాకా ఎర్ర సిగ్నల్. చెట్టు సెట్టయింది, చేప సేపయింది, చీర సీరయింది. ఒక్క బండి కదల్లేదు.

దీదీమణి హిందీలో అన్నది తెలుగులో చెబుతాను. "అందరికీ ఒకే తప్పు. మీకు నెల రోజులు ఇస్తాను. బాగుపడకపోతే వచ్చే ఏడాది ఆరో తరగతికి తెలుగు తీసేసి హిందీ పెట్టేస్తాను. ఠీక్ హై?"

ఠీక్ ఏమిటి, నా తలకాయ. ఈ పిల్లలకు ఇంట్లో మాట ఉంది, అక్షరం లేదు. అక్షరం దొరికే చోటు ఆ ఒక్క పీరియడే. అది పోతే వీళ్లు సొంత పేరు కూడా తెలుగులో రాసుకోలేరు. నేను యుద్ధానికి బయల్దేరాను, శత్రువెవరో సరిగ్గా తప్పుగా గుర్తించి.

గౌరి అని ఒక పిల్ల, తాల్‌బగీచా నుంచి సైకిలు మీద వస్తుంది. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం ఆ పిల్ల దుర్గుణం.

"ఏమిటే ఇది? చెట్టుకి స ఎక్కడిది?"

"మీరు సెప్పినట్టే రాసినాను మేస్టారూ."

"సెప్పినట్టే కాదు. చెప్పినట్టే, అను."

"సెప్పినట్టే."

"చె."

"సె."

"నేననేది నీకు వినబడుతోందా?"

"ఇనబడతంది మేస్టారూ. ఇనబడబట్టే గదా రాసినాను."

తరగతి గొల్లుమంది. నా నెత్తిన పాలు పెడితే పెరుగవకుండానే కోవా అయ్యేంత వేడి. ఐదువందల సార్లు చ రాసుకు రమ్మన్నాను. తెచ్చింది. ఐదువందలూ అచ్చుగుద్దినట్టున్నాయి. ఆ వెంటనే డిక్టేషన్ పెడితే మళ్లీ సెట్టు.

"ఇంట్లో మాట్లాడే ఆ మురికి మాట బడికి తేవద్దు" అని అరిచాను.

"మాయమ్మ మాట మురికేటి మేస్టారూ?" అని మాత్రం అడిగి కూర్చుంది. నేను వినిపించుకోలేదు. ఇప్పుడు వినిపిస్తోంది, రోజూ.

ఇక పట్టిక చూస్తారా? అది పాపం గొంతు చించుకొని అరుస్తూనే ఉంది. వాళ్లంతట వాళ్లు రాసిన వ్యాసాల్లో చ అంతా ఆకుపచ్చ. నేను చదివితే రాసిన డిక్టేషన్లో ఎరుపు. రెండు గడులూ పక్కపక్కనే. పసిపాపకైనా అర్థమయ్యేది. నేనేం తేల్చానంటే, వ్యాసాలు పుస్తకంలో చూసి కొడుతున్నారని. అందుకని రోజుకో డిక్టేషన్ పెట్టాను. రోజురోజుకీ ఎరుపు చిక్కబడింది.

నెల నిండింది. దీదీమణి స్వయంగా పరీక్ష చూడటానికి వచ్చింది. తెలుగు రాదు కాబట్టి, చదవబోయే పది మాటల్నీ బెంగాలీ లిపిలో నాచేతే రాయించుకొని వెనక బెంచీ మీద కూర్చుంది.

"చెరువు" అన్నాను. పెన్నులు గీరాయి. "చీమ" అన్నాను.

"ఆగండి మాస్టర్‌మొశాయ్. మొదటిది మళ్లీ చెప్పండి."

"చెరువు."

"మీరు రాసిచ్చిన కాగితంలో చ ఉంది. మీ నోట్లోంచి స వస్తోంది."

"లేదు దీదీమణీ. చెరువు."

"మళ్లీ స."

వాదించాను. ఆవిడ ఫోను తీసి నా చేత ఇంకోసారి అనిపించి, రికార్డు చేసి వినిపించింది. ఎవడో మహానుభావుడు అందులోంచి "సెరువు, సీమ" అంటున్నాడు. గొంతు నాదే.

అయ్యా, అమ్మా, ఇప్పటిదాకా ఈ కథలో నేను పలికినట్టు రాసుకున్న ప్రతి చనీ స చేసి ఇంకోసారి చదువుకోండి. నేను అనుకున్నది చ. అన్నది స. నా మాట వినడం లేదని నెల రోజులు గింజుకున్నాను. విన్నందుకే ఇరవై రెండు మందీ తప్పారు: సొంతంగా రాస్తే పుస్తకంలో నేర్చిన చ, నేను చదివితే నా నోట విన్న స. తెలుగొచ్చినవాళ్లం కనక మా టీచర్లెవరికీ ఇది చెవిన పడలేదు. మేం అర్థం వింటాం. తెలుగు రాని ఆవిడ శబ్దం విన్నది. మా తాత నోట, మా అమ్మ నోట నుంచి నాకు దక్కిన ఆ సనే నేను పరాయి పిల్ల నోట విని మురికన్నాను.

దీదీమణి పట్టికలో ఇరవై రెండు పేర్లూ కొట్టేసి, కింద నా ఒక్క పేరు రాసింది. "తెలుగు ఉంటుంది. పిల్లల్లో లోపం లేదు. మీరు మాత్రం రోజూ అరగంట నా గదిలో చ నేర్చుకోవాలి."

నేర్చుకున్నాను. కొన్నాళ్లకు నోరు తిరిగింది. తలుపు వేసుకొని "చ, చ, చ" అని సాధన చేస్తుంటే వరండాలో వెళ్లేవాళ్లు నన్ను నేను ఛీదరించుకుంటున్నానని అనుకునేవారు. వాళ్లు పొరబడ్డారని చెప్పలేను.

తర్వాత ఆరో తరగతి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను. గౌరి వైపు తిరిగి, మీ అమ్మ మాటలో మురికి లేదు, ఉన్నదంతా నా బుర్రలో అని ఒప్పుకున్నాను. ఆ మీదట గొంతు సవరించుకొని, కోర్టులో సాక్షిలాగా కుడిచెయ్యి ఎత్తి ప్రతిజ్ఞ చేశాను.

"నా తప్పు తీసుకెళ్లి మీ గడిలో ఇంకెప్పుడూ వెయ్యను. సచ్చినా సెయ్యను."

గౌరి పెన్ను మూత తీసింది.

"మేస్టారూ, ఇది రాసుకోవాలంటే స పెట్టాలా, చ పెట్టాలా?"

కోపం నషాళానికి ఎక్కింది. ఎవరి మీదో మీకు తెలుసు.

"ఈ ఒక్కటీ స పెట్టే రాయమ్మా" అన్నాను.