గుండీ గిన్నెలో నీటిమట్టం

నదుల మట్టం కొలిపించిన రాజులున్నారు, సముద్రాల లోతు కొలిచిన నావికులున్నారు. గుండీ అనే తన కుక్క గిన్నెలోని నీళ్లను మెడలోని టేపుతో ఏడాదిన్నరపాటు, ఒక్క సాయంత్రమైనా తప్పకుండా కొలిచిన ఖ్యాతి మాత్రం మా వీధి దర్జీ మాస్టారిదే. పొద్దున కొట్టు తెరవగానే గిన్నె నిండా నీళ్లు పోసేవాడు. సాయంత్రం ఎంత తగ్గిందో చూసి, జనం నడుములూ ఛాతీలూ రాసుకునే పుస్తకంలోనే 'గుండీ: అంగుళంన్నర' అని రాసేవాడు. ఒకసారి ఆ అంగుళంన్నర పై వరసలోని పెద్దమనిషి నడుములో కలిసిపోయింది. పాపం, ఆయన ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు.

ఇది చాదస్తం కాదు, భయం. గుండీ తల్లి నాలుగేళ్లకే కిడ్నీలు పాడై మాస్టారి ఒళ్లోనే కన్నుమూసింది. గుండీతో పుట్టిన పిల్ల ఒకటి అదే దారి పట్టింది. ఈ జబ్బు తల్లి నుంచి పిల్లలకు దిగుతుందనీ, గుండీకి రానూ వచ్చు, రాకపోనూ వచ్చనీ, నీళ్లు ఎక్కువగా తాగుతుంటే మాత్రం వెంటనే తీసుకురమ్మనీ పశువుల డాక్టరమ్మ చెప్పింది.

ఒక సోమవారం గిన్నె మూడంగుళాలు తగ్గింది. మంగళవారం నాలుగు. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. బడివాళ్లకివ్వాల్సిన యాభై యూనిఫారాలనూ ఇస్త్రీ బల్ల మీదే వదిలేసి, గుండీని చంకనెత్తుకుని, కొలతల పుస్తకంతో సహా ఆస్పత్రికి పరుగెత్తాడు. వెనకే ఆయన భార్య.

రక్తం తీశారు, మూత్రం పట్టారు, పొట్టకు స్కానింగు చేశారు. అంతసేపూ మాస్టారు టేపును చుట్టడం, విప్పడం తప్ప మరో పని చేయలేదు. చివరికి డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది.

"రెండు కిడ్నీలూ బాగున్నాయి మాస్టారూ. వాళ్లమ్మకి ఈ వయసుకే తేడా కనిపించింది, దీనికేం లేదు. ఆర్నెల్లకోసారి చూపించండి, చాలు. ఇంతకీ ఆ గిన్నెలో ఇంకెవరన్నా చెయ్యి పెడతారా?"

భార్య గోడకేసి చూసింది. "ఇస్త్రీకి నీళ్లు చల్లాలి కదండీ. పక్కనే గిన్నె ఉంటే ప్రతిసారీ లోపలికేం తిరుగుతాను?"

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మాస్టారు.

"మీరక్కడ పెట్టినప్పటి నుంచీ. యూనిఫారాలొచ్చాక ఇంకాస్త ఎక్కువ."

మాస్టారికి కోపం రావలసిన చోట రాలేదు. గుండీ వీపు నిమురుతూ, మరి ఇది తాగేదెంత అని మాత్రం అడిగాడు.

గుండీ ఆ గిన్నెలో ఏనాడూ మూతి పెట్టలేదు. అది పెరట్లో కుళాయి కింది బకెట్లో తాగేది.