లండన్ ఆర్కిటెక్టు పటం కింద బూట్లు

నవంబరు మొదటి శనివారం. ఉన్నవారు: నేను, నా భార్య రత్నకుమారి, కెనడాలోని సస్కటూన్‌లో చదువుతున్న మనవరాలు జెస్సీ, అక్కడి చర్చి మందిరం బాగోగులు చూసే మార్గరెట్ అనే పెద్దావిడ.

రెజీనా ఊళ్ళో ఉదయం ఎనిమిదింటికి నేనూ రత్నకుమారీ సస్కటూన్ బస్సెక్కాం. దారి పొడుగునా కోతలైన గోధుమ చేలు, పలచగా మంచు. మధ్యలో తాగిన కాఫీకి రంగు తప్ప మరే గుణమూ లేదు. బస్సు నిండా విద్యార్థులే. పక్క సీటు ఒంగోలు కుర్రాడు, "ఏం అంకుల్, మీరూ మాస్టర్స్‌కేనా?" అన్నాడు.

పదకొండు దాటాక దిగాం. మా కోసం వచ్చిన జెస్సీ ముఖం వాడిపోయి ఉంది. ఈ ఏడాది పిల్లలు ఇంతమంది రావడంతో, ఆమె నడిపే తెలుగు ఆరాధనకు చిక్కొచ్చింది. చెప్పులతో మందిరంలో అడుగుపెట్టడం మనకు అలవాటు లేదు గదా, అందరూ బూట్లు వాకిట్లోనే విడుస్తున్నారు. కుప్ప తలుపుకు అడ్డం. రేపు మళ్ళీ అడ్డం కనిపిస్తే ఇక హాలు ఇవ్వబోమని మందిరం కమిటీ చెప్పేసింది.

"బూట్లతోనే రమ్మను."

"చెప్పా తాతయ్యా, ఒక్కళ్ళూ వినట్లేదు. అసలు నావల్లే కాదు."

తిన్నగా మందిరానికే వెళ్ళాం. మార్గరెట్ దాన్ని కట్టిన మనిషి చరిత్ర భక్తిగా చెప్పింది. లండన్‌లో పని నేర్చి, కిందటి శతాబ్దం మొదట్లో ఇక్కడికి వచ్చాడట. బ్యాంకులు, బడి, మందిరాలు కట్టాడట. ఊళ్ళో డబ్బు ఆడినన్నాళ్ళు ఉండి, అది ఆగగానే ఇంగ్లండు వెళ్ళి బిరుదు పుచ్చుకున్నాడట. ఆయన కట్టిన బ్యాంకును దారిలో చూశాను. బయట గ్రీకు స్తంభాలు, లోపల పట్టపగలు దీపాలు.

రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరైనవాణ్ని, ఊరుకోలేకపోయాను. ఇంగ్లండు పల్లెలో చినుకు తప్పించుకోవడానికి చాలిన వాకిలిని తెచ్చి ఈ చలిగాలికి ఎదురుగా నిలబెట్టాడు. ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ఎవరికీ కనబడని శిఖరం మీద మాత్రం రాతిపూలు!

పక్కన పెద్ద గది ఉంది. గాయకులు అంగీలు మార్చుకోవడానికట. ఇప్పుడు గాయకులు లేరు, గోడకు ఆయన నిలువెత్తు పటం ఉంది.

"బూట్లు ఇక్కడ విడవొచ్చా?" అన్నాను.

మార్గరెట్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆయన కిందా?"

"ఆయన కిందే. వాకిలి సరిగ్గా కట్టి ఉంటే ఈ అవసరం ఉండేది కాదు."

"ఏవండీ!" అని రత్నకుమారి నా చొక్కా లాగింది. మార్గరెట్ గదికి తాళం వేసి వెళ్ళిపోయింది. జెస్సీ నన్ను కసిరింది: "అయిపోయింది తాతయ్యా. ఉన్నదీ పోగొట్టావ్."

మర్నాడు తొమ్మిదింటికి వెళ్ళేసరికి ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంది. నేల మీద పాత పేపర్లు పరిచి, మార్గరెట్ పిల్లల్ని లోపలికి పిలుస్తోంది. పటంలో ఆయన ఎటో దూరంగా చూస్తున్నాడు. ముక్కు కింద తడి బూట్లు బారులు తీరాయి. ఆయన గీసిన గదుల్లో వాడుకకు పనికొచ్చింది నాకు అదొక్కటే కనిపించింది. ఆ ఊరు వెళ్ళేవారు ఆ గది చూస్తే చాలు.

"మీరన్నట్టు వాకిలి చిన్నదే. ఇప్పుడు ఖాళీగా ఉంది, కమిటీకి నేను చెబుతాను," అంది మార్గరెట్. జెస్సీ వట్టికాళ్ళతో ముందుకు నడిచి మొదటి పాట ఎత్తుకుంది.