చిక్కుడుకాయ ఉడికిన నీళ్లు

డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల క్లినికల్ న్యూట్రిషన్ కోర్సులో నాది నాలుగో ఏడు. శిక్షణ కోసం సిరిసిల్లలో ఒక ఆసుపత్రి డయాలసిస్ వార్డులో వేశారు. "తిండి గురించి సదువుటానికి అయిదేండ్లా బిడ్డా?" అని కోరుట్లలో మా నాయన పదిమంది ముందు నన్ను ఆటపట్టించేవాడు. నేనూ పొగరుగానే జవాబిచ్చేదాన్ని.

ఒక శుక్రవారం, మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, నడిపే ఒకాయనకు డయాలసిస్ అయ్యాక ఆయన భార్యను కూర్చోబెట్టి తిండి సంగతి చెప్పాను. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చనీ, కూరగాయల్ని చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపాకే వండాలనీ చెప్పాను. ఆమె శ్రద్ధగా తలూపింది. బాగా చెప్పానని నాకు నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున ఇంట్లో అమ్మ చిక్కుడుకాయ ఉడకేసి, నీళ్లు వేరే గిన్నెలోకి వంపి, వాటిలో చింతపండు పిసికి చారు పెట్టింది. చిన్నప్పటి నుంచి తాగుతున్న చారే. ఆ రోజు ముద్ద కలపబోయి ఆగాను.

"ఆ నీళ్లు పారబొయ్యవా అమ్మా?"

"పారబోసుడేంది? బలమంతా గా నీళ్లల్లనే ఉంటది."

శుక్రవారం మరమగ్గాలాయన భార్యకు చెప్పింది గుర్తొచ్చింది. వంపమన్నాను గానీ, పొటాషియం దిగిన ఆ నీళ్లు పారబోయమని ఒక్క మాటైనా అనలేదు. వాళ్ల నంబరుకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. సాంచాల చప్పుడులో వినపడలేదేమో. ఇంకేమైనా అయిందేమో. సిరిసిల్ల బస్సెక్కాను. చందుర్తిలో డ్రైవర్ చాయ్ తాగడానికి దిగితే, నన్ను తిట్టుకోవాల్సింది పోయి ఆయన్ను తిట్టుకున్నాను.

వాళ్లింట్లో ఆయన మంచం మీద ఉన్నాడు. పక్కనే ఖాళీ స్టీలు గ్లాసు.

"నిన్నటి సంది కాళ్లల్ల సత్తువ లేదంటుండు," అంది భార్య. "నువ్వు చెప్పినట్టే చేస్తున్న బిడ్డా. వంపిన నీళ్లు చారు పెట్టి మూడు పూటలా తాపుతున్న."

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తపరీక్షలో పొటాషియం బాగా పెరిగిందని చూసి డాక్టర్ వెంటనే డయాలసిస్ మిషన్ పెట్టించాడు. తప్పు నాదేనని ఆమెకు చెప్పేశాను. ఆమె నా మొహం చూడలేదు. లోపలి నుంచి ఆయనే నీరసంగా అన్నాడు: "గా పొల్లను ఏమనకు. మన మంచికే చెప్పింది." ఆమె ఒక్కటి కొట్టినా అంత భయం వేసేది కాదు.

ఆయన బతికాడు. ఆ తర్వాత వార్డులో నా శిక్షణ ముగిసేదాకా నేను ఏం చెప్పినా ఆమె మర్యాదగా తలూపేది. నేను అటు తిరగగానే పోయి నర్సును మళ్లీ అడిగేది. నేను చూడనట్టే ఉండి, నర్సు జవాబు పూర్తిగా వినిపించేదాకా అక్కడే నిలబడేదాన్ని.